మంచిరేవులో ఆగడం అవిశ్వాసమా?

కొన్నేళ్ల క్రితం అక్టోబరు నెలలో మా సంఘపెద్ద ఒకాయన కాకినాడలో పాత మోటారు పడవ కొన్నాడు. చెక్క పడవ, డీజిల్ ఇంజను. రెండేళ్లుగా ఒడ్డున ఎండకు ఎండుతోంది కనుక చౌకగా వచ్చింది. దాన్ని అంతర్వేది దగ్గరున్న మా ఊరికి తేవాలి. వారమంతా వశిష్ఠ లంకల నుంచి కొబ్బరికాయలు మోయాలి, ఆదివారం లంకల్లోని విశ్వాసుల్ని ఆరాధనకు తీసుకురావాలి. అదీ ఆయన ఆశ. ‘‘అయ్యగారూ, రేపు తెల్లారగట్ల సముద్రం మీద బయల్దేరుతున్నామండీ. మీరు ప్రార్థన చేసి పంపాలండీ’’ అంటే నేనూ కాకినాడ వెళ్లాను.

గాలి లేదు. సముద్రం చెరువులా ఉంది. అమ్మినాయన ‘ఏం కాదండీ, చీకటి పడేలోగా ఇంట్లో ఉంటారు’ అన్నాడు. పెద్దాయన కొడుకులిద్దరూ సై అన్నారు. నడపడానికి వచ్చిన ముసలి సరంగు ఒక్కడే అడ్డం తిరిగాడు. ‘‘బాబూ, రెండేళ్లు ఎండిన చెక్క అతుకులు విడిపోయి ఉంటాయి. నీళ్లలో నానితేగానీ బిగుసుకోవు. ట్యాంకు అడుగున మడ్డి ఉంటది. రేవులో ఇంజను బాగానే ఆడుద్ది. కెరటం మీద ఎగిరిపడ్డప్పుడు ఆ మడ్డి లేచి ఫిల్టరుకు అడ్డం పడుద్ది. అప్పుడాగుద్ది. ఎక్కడాగుద్ది? మొగలో’’ అన్నాడు.

హోప్ ఐలాండ్ చుట్టి గౌతమి మొగ, ఓడలరేవు దగ్గర వైనతేయ మొగ దాటి అంతర్వేదికి రావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగల్లో ఇసుక మేటలు చోటు మారుస్తూనే ఉంటాయి. పోటు మీద లోపలికి రావాలి. ఆటు మీద వస్తే ఏరు బయటికి తోస్తుంది, కెరటం లోపలికి కొడుతుంది. ఇంజను ఆగిన పడవకు అక్కడ దిక్కులేదు. పైగా అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ మరచిపోగలదా?

అయినా ఆ రోజు నేను సరంగు మాట వినలేదు. ‘దేవుడున్నాడు తాతా, భయమెందుకు?’ అన్నాను. కొడుకులు నవ్వారు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ప్రార్థనకు కళ్లు మూసుకున్నాను. మాట రాలేదు. పౌలు ఓడ ప్రయాణం గుర్తొచ్చింది.

ఇటలీకి వెళ్లే అలెగ్జాండ్రియా గోధుమల ఓడ అది. అందులో 276 మంది. ఉపవాస దినం దాటిపోయింది, అంటే ఓడ ప్రయాణాలకు మంచికాలం గడిచిపోయింది. క్రేతులోని మంచిరేవుల దగ్గరే ఆగుదామని, కదిలితే సరుకుకూ ఓడకే కాక ప్రాణాలకూ నష్టమేనని పౌలు హెచ్చరించాడు. అది దర్శనం చూసి చెప్పిన మాటగా లూకా రాయలేదు. అప్పటికే మూడుసార్లు ఓడ పగిలి, ఒక రాత్రీ పగలూ సముద్రంలో గడిపినవాడి అనుభవం అది. కానీ శతాధిపతి నావికుణ్ణి, ఓడ యజమానిని నమ్మాడు. చలికాలం గడపడానికి మంచిరేవులు అనువుగా లేవు, ఫీనిక్సు రేవు బాగుంటుంది. ఎక్కువమంది మాట అదే. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచింది. అనుకున్నది దొరికిందనుకున్నారు. కొద్దిసేపటికే ఊరకులోను పెనుగాలి విరుచుకుపడింది (అపొ.కా. 27:9–14). పద్నాలుగో రాత్రికి లోతు కొలుచుకుంటూ నాలుగు లంగర్లు దించే గతి పట్టింది. చివరికి రెండు ప్రవాహాలు కలిసేచోట ఓడ ఇసుకలో దిగబడి బద్దలైంది. అదీ ఒక మొగలాంటి చోటే!

పౌలు మాట్లాడాల్సిన చోట నేను యజమాని పక్షాన ఉన్నాను. పౌలు మాట సరంగు నోట వచ్చింది. కళ్లు తెరిచి ‘‘పెద్దయ్యా, ఈ ప్రయాణానికి నేను ప్రార్థన చేయలేను. వేరే దారి చూద్దాం’’ అన్నాను. పెద్దాయన ముఖం చిన్నబోయింది. ‘అయ్యగారికే విశ్వాసం లేకపోతే ఇక మాకేం చెబుతారు?’ అన్నాడు చిన్నకొడుకు. ఆ మాట చాలాకాలం నాలో గుచ్చుకుంది.

కాలువ దారి చూశాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలువల్లో లాకులు దాటుకుంటూ పడవలు డెల్టా అంతా తిరిగేవి. ఇప్పుడు ఆ దారి చాలాచోట్ల పూడిక, గుర్రపుడెక్కలతో మూసుకుపోయింది. మిగిలింది రోడ్డు. అడుగుదుంగ మీద బరువు ఆనేలా పడవను లారీకెక్కించి, ఇరుపక్కలా ఇసుక బస్తాలు దన్నుపెట్టి, పగటిపూటే కదిలాం. యానాం–ఎదుర్లంక వంతెన మీద గౌతమిని, బోడసకుర్రు వంతెన మీద వైనతేయను దాటాం. కరెంటు తీగలున్న ప్రతి ఊళ్లో ఆగి, చూసుకుని కదిలాం. లారీ కిరాయి పెద్దాయనకు భారమే అయింది. ఆ రోజంతా సముద్రం ప్రశాంతంగానే ఉందని మరునాడు తెలిసింది. కొడుకులు మళ్లీ నవ్వారు.

వారం రోజులు పడవను వశిష్ఠ ఒడ్డున నానబెట్టి, కారే చోట్ల అతుకులు బిగించి ఏట్లోకి తీశాం. ఇరవై నిమిషాలకు ఇంజను ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే నల్లటి మడ్డి! సరంగు నవ్వలేదు. గెడ వేసి ఒడ్డుకు తోశాడు. చిన్నకొడుకు మాట్లాడకుండా రెండో గెడ అందుకున్నాడు.

మన సంఘాల్లో ఒక పొరపాటు వేళ్లూనుకుంది. తెగింపును విశ్వాసమని, జాగ్రత్తను అవిశ్వాసమని అనుకుంటున్నాం. దారి మనమే నిర్ణయించేసుకుని, దేవునితో సంతకం పెట్టించుకోవడానికి ప్రార్థన చేస్తున్నాం. ఆలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని సాతాను లేఖనం చూపించి చెప్పినా యేసు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించనన్నాడు (మత్తయి 4:5–7). అది అవిశ్వాసమా?

పౌలుతో ఉన్న 276 మందిలో ఒక్కరూ నశించలేదు, నిజమే. అది దేవుని కృప. ఓడ, సరుకు మాత్రం పోయాయి. తుపానులో దేవుడు కాపాడాడు కనుక తుపానులోకే వెళ్దామనడం కృపను అలుసుగా తీసుకోవడమే. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో పాపికొండలకు బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి 50 మంది దాకా చనిపోయారు. వాళ్లలో ప్రార్థించి ఇల్లు కదిలినవాళ్లు లేరని ఎవరనగలరు? వాళ్ల విశ్వాసాన్ని కొలిచే హక్కు మనకు లేదు. కానీ ఎక్కించుకునే ముందు ఏరు చూడాల్సిన బాధ్యత ఎక్కించుకునేవాళ్లది.

మీ ముందున్నది పడవే కాకపోవచ్చు. అప్పుచేసి పెట్టే వ్యాపారం కావచ్చు, పిల్లల పెళ్లి, జబ్బుకు వైద్యం మానేయాలన్న ఆలోచన కావచ్చు. మెల్లగాలి వీస్తోందని, ఎక్కువమంది సరేనన్నారని బయల్దేరకండి. వద్దనే ఆ ఒక్క గొంతు ఎవరిదో వినండి. అది పాస్టరుది కాకపోవచ్చు, చదువులేని సరంగుది కావచ్చు. ఖర్చయినా, ఆలస్యమైనా, నలుగురూ నవ్వినా మనవాళ్లను క్షేమంగా ఇల్లు చేర్చే దారి ఎంచుకోవడం ప్రేమ. ప్రేమలేని విశ్వాసం వ్యర్థమని రాసింది కూడా ఆ పౌలే.

ఆ పడవ ఇప్పటికీ ఆదివారం లంకల నుంచి విశ్వాసుల్ని తెస్తోంది. ఏరు పొంగిన ఆదివారం మాత్రం అది రేవులోనే ఉంటుంది. ఆ రోజు లంకలోనే ఆరాధన జరుగుతుంది. దేవుడు అక్కడా ఉన్నాడు.