నంబర్లు కలవని లూగర్ తరఫున

రెండో ప్రపంచ యుద్ధం నుంచి అమెరికన్ సైనికులు ఇంటికి తెచ్చుకున్న జర్మన్, జపాన్ పిస్తోళ్లను సేకరించేవాళ్ల లోకంలో తిరుగులేని సూత్రం ఒకటుంది: తుపాకీని కొను, కథను కొనకు. కొత్తగా ఈ మోజులో పడినవాడికి పెద్దలు మొదట చేసే ఉపదేశం ఇదే. వినడానికి ఎంతో వివేకంగా ఉంటుంది. ఈ సేకరణ మొత్తాన్ని దారి తప్పించింది కూడా ఇదేనని నా వాదన.

సూత్రం ఎందుకు పుట్టిందో తెలియక కాదు. అమ్మేవాళ్లు అబద్ధాలాడతారు. ప్రతి లూగర్ పిస్తోలూ ఎవరో ఒక జర్మన్ అధికారిని మట్టుబెట్టి అతని నడుము నుంచి ఊడదీసినదే అంటారు. వీళ్ల మాటలు నమ్మితే ఆ సైన్యంలో అధికారులు తప్ప మామూలు సిపాయిలు లేనట్టే. లొంగిపోయిన దళాలు కుప్పపోసిన ఆయుధాల్లోంచి ఏరుకున్నవి, సిగరెట్లకూ మద్యానికీ మారకం వేసుకున్నవి, పేకాటలో గెలుచుకున్నవి వాటిలో ఎన్నో ఉన్నాయి. పసిఫిక్ దీవుల్లోనైతే అమెరికన్ నౌకాదళపు నిర్మాణ దళాలవాళ్లు జపాన్ జెండాలను తామే తయారుచేసి తోటి సైనికులకు అంటగట్టారు. కాబట్టి అనుమానించడం తప్పు కాదు. అబద్ధాలు ఎక్కువయ్యాయని అసలు కథ అడగడమే మానేయడం తప్పు. అడగడం మానేశాక చేతిలో మిగిలేవి ఉక్కు మీద కొట్టిన అంకెలే.

ఆ అంకెలతోనే ఇప్పుడు బేరమంతా. జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన లూగర్‌లో పెద్ద భాగాల మీద పూర్తి సీరియల్ నంబరు, చిన్న భాగాల మీద దాని చివరి అంకెలు కనిపిస్తాయి. మ్యాగజైన్ అడుగున కూడా నంబరుంటుంది. అన్నీ కలిస్తే ధర ఆకాశానికి వెళుతుంది. ఒక్క ఫైరింగ్ పిన్ తేడా పడితే పెదవి విరుపు. ఆ తేడా ఎలా వస్తుందో ఆలోచించండి. యుద్ధంలో భాగం విరిగితే దళంలోని ఆయుధాల మెకానిక్ చేతికందిన మరొకటి బిగిస్తాడు. గెలిచాక నలుగురు కుర్రాళ్లు ఒకే దుప్పటి మీద నాలుగు పిస్తోళ్లు విప్పి తుడిస్తే, ఒకదాని ముక్క ఇంకొకదాంట్లోకి చేరుతుంది. నంబర్లు కలిసిన ప్రతిదీ యుద్ధం చూడనిదని నేననను. కానీ కలవకపోవడమే యుద్ధం వదిలిన గుర్తు కావచ్చు, దాన్ని లోపమని లెక్కగడుతున్నాం. పైగా ఈ పిచ్చి ఒక దొంగ పనికి గిరాకీ పెంచింది: పాత అంకె అరగదీసి కావలసిన అంకె కొట్టడం. కథల్లో అబద్ధం ఉంటుందని భయపడి అంకెలను ఆశ్రయించినవాళ్లకు అబద్ధం అక్కడా ఎదురైంది.

ఇంకా విడ్డూరం క్రోమ్ పూత. ఇంటికి తిరిగొచ్చిన సైనికులు కొందరు తమ పిస్తోలుకు నికెల్ పూతో క్రోమ్ పూతో వేయించుకున్నారు. పిడి పలకలు మార్పించుకున్నారు. పేరూ ఊరూ చెక్కించుకున్నారు. సేకర్తలు అలాంటిది కనిపిస్తే 'పాడైపోయింది' అంటారు. మరికాస్త డబ్బున్నవాడు పూత ఊడగొట్టించి, ఫ్యాక్టరీలో ఉన్నట్టు నల్లని నీలిరంగు మళ్లీ ఎక్కిస్తాడు, చెక్కిన పేరును పాలిష్ చక్రానికి అప్పగిస్తాడు. ఈ మనిషే తన దగ్గరున్నది 'సైనికుడు తెచ్చిన తుపాకీ' అని గర్వంగా చూపిస్తాడు! సైనికుడి చెయ్యి దాని మీద పడిందని సాక్ష్యం చెప్పే ఒకే ఒక గుర్తును తానే తుడిపించేశాడు. తాతగారు పుస్తకం అంచుల్లో రాసుకున్న మాటలన్నీ చెరిపేసి, ఇది మా తాతగారి పుస్తకం అని మురిసినట్టుంది. తెచ్చినవాడి మీద ఇంత ప్రేమ, అతని జాడ మీద ఇంత అసహ్యం ఎలా పొసగుతాయో నాకు బోధపడదు.

జపాన్ అరిసాకా రైఫిళ్ల దగ్గరా ఇదే వరస. వాటి మీద చక్రవర్తి చిహ్నం, పదహారు రేకుల చామంతి ఉంటుంది. లొంగుబాటప్పుడు చాలా రైఫిళ్ల మీద ఆ పువ్వును గీకేశారు. పువ్వు చెక్కుచెదరనిదానికే బజారులో ఎక్కువ ధర. ఒక సామ్రాజ్యం ఓడిన క్షణం ఆ గీతల్లోనే ఉంది, మనవాళ్లకు అది మరక.

మరి కాగితాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. తెచ్చుకున్న వస్తువును సైనికుడు ఉంచుకోవచ్చని పై అధికారి సంతకం చేసిన ధ్రువపత్రం జతగా ఉంటే విలువ పెరుగుతుంది. ఆ పత్రం చెప్పేది అనుమతి ఉందని మాత్రమే. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, బదులు ఏమిచ్చావు అన్న ప్రశ్నలకు అందులో జవాబుండదు. అది రశీదు. రశీదును చరిత్ర అనుకోవడం వ్యాపారుల అలవాటు.

కథ లేకపోతే ఏం పోతుందో డిక్ వింటర్స్ పిస్తోలు చెబుతుంది. 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' సీరియల్‌తో లోకమంతా ఎరిగిన ఈ అమెరికన్ అధికారికి యుద్ధం ముగిశాక ఒక జర్మన్ అధికారి లొంగిపోతూ తన పిస్తోలు అప్పగించాడు. దానితో ఎన్నడూ ఒక్క గుండూ పేల్చలేదని వింటర్స్ గమనించాడు, ఆ సంగతి తర్వాత తానే చెప్పాడు. యుద్ధం రక్తం లేకుండా ముగియవచ్చన్న సంగతి ఆ తుపాకీ వల్ల గుర్తుండిపోయింది. అతను నోరు విప్పకపోతే, మన పండితుల కళ్లకు అది 'వాడని మంచి సరుకు', అంతే. తుపాకీని కొని కథను వదిలేస్తే ఇక్కడ చేతికొచ్చేది ఏముంది?

ఈ విషయంలో సేకర్తల కన్నా బ్రిటన్ చట్టమే నయం. 1996లో డన్‌బ్లేన్ బడిలో పిల్లల్ని కాల్చి చంపిన ఘటన తర్వాత 1997లో అక్కడ చేతి తుపాకులను దాదాపు నిషేధించారు. ఆ చట్టంలో, 1946 జనవరి 1కి ముందు యుద్ధచిహ్నంగా సంపాదించినదాన్ని సర్టిఫికెట్‌తో ఉంచుకునే మినహాయింపు పెట్టారు. నంబర్లు కలిశాయా అని అది అడగలేదు. ఎప్పుడు, ఎలా వచ్చిందని అడిగింది.

ఇక ఈ సూత్రంలోని పక్షపాతం అంతా బయటపడేది రష్యన్లు పట్టుకున్న తుపాకుల దగ్గర. జర్మన్ సైన్యపు వెన్ను విరిచింది ఎర్ర సైన్యం. అది చేజిక్కించుకున్న లూగర్లు, పీ38 పిస్తోళ్లు గిడ్డంగులు చేరాయి. అక్కడ వాటిని విప్పి, శుభ్రం చేసి, భాగాలు కలగాపులగంగా బిగించి, మళ్లీ రంగు వేశారు. వాటిలో చాలావాటి మీద ఎక్స్ గుర్తు ఉంటుంది. సోవియట్ కూటమి కూలాక అవి అమెరికా బజారుకు వచ్చాయి. చవకరకం అని పేరు పడింది. జర్మన్ ముద్రలు దిద్దినట్టుండి, నంబర్లన్నీ కలిసి, ఏ చేతులు మారిందో తెలియని లూగరేమో గాజు పెట్టెలోకి ఎక్కింది. కొన్నవాడు ఆ పక్కన తగిలించే చీటీ మీద మాత్రం 'యుద్ధ విజయచిహ్నం' అనే రాస్తాడు.