పెళ్లిళ్ల జాబితా వెనక నడిచిన నాటకం

రాయాలని ఉంది గానీ మొదలుపెట్టే ఊపు రావడం లేదనే యువతీయువకులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారికి తరచూ దొరికే సలహా ఒకటే: స్ఫూర్తి కలగాలి, లోపలి నుంచి తన్నుకురావాలి. ఈ సలహా వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని నా నమ్మకం. ఊపు కోసం తనలోకి తొంగి చూసుకునేవాడికి చాలాసార్లు కనిపించేది జంకే. ఈ గడ్డ మీద పుట్టిన గొప్ప రచనలను కదిలించింది కళ్లెదుట జరుగుతున్న ఒక అన్యాయం, దాన్ని వదలకుండా పట్టిచూసిన ఓపిక.

గురజాడ రాసిన కన్యాశుల్కమే తీసుకుందాం. ఆ నాటకం వెనక ఒక జాబితా ఉంది. విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల వివరాలను విజయనగరం ప్రభువు ఆనంద గజపతి సేకరింపజేశారు. మూడేళ్లలో తేలినవి 1034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లు అయిదేళ్లవాళ్లు, 36 మంది మూడేళ్లవాళ్లు. ముగ్గురికైతే ఏడాదే. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదుర్చుకునేవారని గురజాడ మొదటి కూర్పు పీఠికలో రాశారు. ఇవన్నీ తెలిశాక ఇక స్ఫూర్తి కోసం ఎదురుచూడాల్సిన పనేముంది? 1892లో విజయనగరంలో నాటకం ఆడారు, 1897లో అచ్చయింది. అంతకు చాలా ముందే గురజాడ ఇంగ్లిషులో ‘సారంగధర’ కావ్యం రాశారు. దాన్ని మెచ్చుకున్న కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీయే మాతృభాషలో రాయమని ఆయనకు సలహా ఇచ్చారు. ప్రతిభ అప్పుడూ ఉంది. కానీ ఆ కావ్యం నేడు పరిశోధకులకే పరిమితం, కన్యాశుల్కం ఇంటింటి మాట అయింది. చెప్పాల్సిన సంగతేదో, ఎవరికి చెప్పాలో తేలడమే ఈ తేడాకు మూలమని నేననుకుంటాను.

జాబితాలు రాస్తే సాహిత్యమవుతుందా అని అడగవచ్చు. కాదు. ఆ జాబితాలో మధురవాణి లేదు, గిరీశం లేడు. వాళ్లను గురజాడ కల్పించారు. అయితే ఆ కల్పన పని మొదలయ్యాక సాగింది, సాగుతూ పెరిగింది. 1909లో వచ్చిన రెండో కూర్పు మొదటిదాన్ని దాదాపు తిరగరాసిన పుస్తకం. ఆయనకు రాజుగారి అండ ఉంది, మాకేముంది అనేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆనంద గజపతి 1897లోనే కన్నుమూశారు. సంస్థానం ఉద్యోగం మిగిలింది, నిజమే. కానీ నాటకాన్ని మళ్లీ రాయమని అడిగేందుకు ఆ ప్రభువు లేడు. అండ వల్ల పని మొదలై ఉండవచ్చు, పన్నెండేళ్ల తర్వాత అదే పనికి మళ్లీ కూర్చోబెట్టింది మాత్రం అండ కాదు.

ఏ అండా లేని ఉదాహరణ కావాలంటే మురపాక బిడ్డ కాళీపట్నం రామారావు ఉన్నారు. ఆయన విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేశారు. మధ్యలో కొన్నేళ్లు రాయడమే ఆపేసి, 1964లో ‘యజ్ఞం’ రాశారు. ఒక పల్లెలో బాకీ తగువు, దాని మీద పంచాయతీ: కథకు అదే ముడిసరుకు. అలాంటి తగువులు ఈ జిల్లాల్లో ఎవరికి కొత్త?

ఇక అసలైన అడ్డంకి, ఇక్కడి పిల్లలు పైకి చెప్పనిది, యాస. మన మాట రాస్తే నవ్వుతారన్న భయం ఎన్ని కలాలను మూయించిందో! శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా ఆ భయం మీదే పోరాడారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, లిపి లేని సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. కొండ మీద మాటకే అంత విలువ ఇచ్చిన మనిషి పుట్టిన జిల్లాలో, ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగు కాగితం మీదికి రావడానికి సిగ్గుపడటం నాకు బాధ కలిగిస్తుంది.

చూడాల్సినవి ఇప్పుడూ తక్కువ లేవు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి ఖర్చును, పెళ్లి సంబంధాలను ఎలా మార్చిందో ఎవరు రాస్తారు? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరి తోటల యజమానులు ఆ తర్వాత ఏ పని వెతుక్కున్నారు? గుజరాత్ పడవల మీద పనికి వెళ్లి, అదే ఏడాది నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల ఇళ్లలో ఆ ఏడాదికి పైగా కాలం ఎలా గడిచింది? పత్రికల్లో వార్తలు వచ్చాయి, ఆగిపోయాయి. తర్వాతి సంగతి ఆ ఊళ్లవాళ్లకే తెలుసు.

కాబట్టి ఈ జిల్లాల డిగ్రీ కళాశాలల తెలుగు అధ్యాపకులకు ఒక విన్నపం. మూస వ్యాసాలు పక్కన పెట్టి, ప్రతి విద్యార్థి చేత తన వీధిలోని ఒక విషయాన్ని ఏడాది పాటు తేదీలతో, తన మాటల్లోనే రాయించండి. యాసను దిద్దకండి. అందులోంచి కథలు రాసేవారు వస్తే, వాటిని భద్రపరిచేందుకు రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉంది.