సాలెపురుగు కట్టిన గుడి

కవిని ప్రజాపతితో సరిపోల్చుట మన ఆలంకారికులకు పరిపాటి. అంతులేని కావ్యప్రపంచమునకు కవియే సృష్టికర్త యనియు, వానికి నచ్చినట్లు ఆ ప్రపంచము మారుచుండుననియు ధ్వన్యాలోకము చెప్పుచున్నది. మమ్మటుడు మరియొక అడుగు ముందుకు వేసి, బ్రహ్మసృష్టి నియతికి కట్టువడి సుఖదుఃఖమిశ్రమై ఆరు రుచులతో సరిపెట్టుకొనగా, కవివాక్కు చేయు సృష్టి ఏ నియతికిని లోబడక కేవలానందమయమై తొమ్మిది రసములతో విలసిల్లునని కావ్యప్రకాశమునకు మంగళాచరణము చేయుచునే దానికి జయము పలికినాడు. ఈ మాటలు విన్నప్పుడు కలము పట్టినవాని ఛాతీ ఒకింత పొంగుట సహజము. కాని మానవుని సృజనశక్తి దైవమునకు ప్రతిబింబమని మనము నమ్మునెడల, ఆ ప్రతిబింబము కర్త యొక్క ప్రభుత్వమునందున్నదా, సమర్పణమునందున్నదా అను ప్రశ్నకు బదులు చెప్పుకొనక తప్పదు. సమర్పణమునందే యున్నదని నా దృఢవిశ్వాసము.

అలంకారశాస్త్రము తల యెత్తుటకు ఎన్నో శతాబ్దములు ముందే ఐతరేయ బ్రాహ్మణము ఈ విచారమునకు పూనుకొన్నది. యజ్ఞమున పఠించు కొన్ని సూక్తములకు శిల్పములని పేరు. వాని ప్రసంగమున, ఈ లోకమున శిల్పమనిపించుకొనునదంతయు దేవశిల్పములకు అనుకృతియే యని చెప్పి, ఆ గ్రంథము ఏనుగును, కంచుపాత్రను, వస్త్రమును, సువర్ణమును, కంచరగాడిదలు పూన్చిన రథమును ఉదాహరించినది. నేతగాని బట్టయు, కంచరివాని పాత్రయు వేదపురుషుని నోట దేవశిల్పముల సరసన నిలిచినవన్న సంగతి, చేతిపనిని చిన్నచూపు చూచు విద్యావంతులు మరల మరల స్మరింపదగినది. అంతకన్న ముఖ్యమైనది దాని తరువాతి మాట: ఈ శిల్పములచేత యజమానుడు తన్ను తాను సంస్కరించుకొనునట. లోకము మెచ్చుకొనుట గాని, కీర్తి నిలుచుట గాని ఫలముగా చెప్పబడలేదు. వస్తువు ఎట్లు తీర్చిదిద్దబడునో, చేయువాడును అట్లే తీర్చిదిద్దబడవలెను. ఈ కొలబద్దను చేతబట్టి చూచినచో దైవసదృశమైన సృష్టి ఏదో, కేవలము సామర్థ్యప్రదర్శనమేదో తెలిసిపోవును.

పోటీకై చేసిన సృష్టి ఎట్లుండునో రామాయణము బాలకాండమున చూపినది. త్రిశంకువును బొందితో స్వర్గమునకు పంపగా ఇంద్రుడు వానిని క్రిందికి త్రోసివేసినాడన్న కోపముతో విశ్వామిత్రుడు దక్షిణదిక్కున వేరొక సప్తర్షిమండలమును, వేరొక నక్షత్రమాలను సృజించెను. మరియొక ఇంద్రునైనను చేయుదును, ఇంద్రుడే లేని లోకమునైనను చేయుదునని పంతము పట్టెను. శక్తియందు కొరత యేమియు లేదు. దేవతలే దిగివచ్చి ఆ నక్షత్రములు నిలుచుటకు సమ్మతింపవలసివచ్చెను. అయినను ఆ పంతమునకు మిగిలిన ఫలమేమి? తలక్రిందులుగా వ్రేలాడు త్రిశంకువు. దక్షిణదిక్కు విడిచి పుష్కరమునకు పోయి తపస్సును మరల మొదలుపెట్టవలసివచ్చిన మహర్షి. ఆయనకు తుదకు బ్రహ్మర్షిత్వము లభించినది చుక్కలను చేసినందులకు కాదు, కామక్రోధములను గెలిచినందులకు. నక్షత్రములను చేసినను కర్త సంస్కారము పొందలేదన్నచో, ఆ సృష్టి యెంత గొప్పదైనను దానియందు దైవచ్ఛాయ అసంపూర్ణమే.

దీని సరసన శ్రీకాళహస్తి స్థలకథను పెట్టి చూడవలెను. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున కీర్తించిన భక్తులలో మూడు మూగజీవములున్నవి. పాము మణులు తెచ్చి లింగమును అర్చించినది. ఏనుగు నీళ్లును, పత్రపుష్పములును తెచ్చి అర్చించినది. సాలెపురుగు మాత్రము ఏమియు తేలేదు, చేసినది. తన యొడలినుండి దారము తీసి స్వామికి గుడి కట్టినది. శివుడు పరీక్షింపదలచి దీపజ్వాలచేత ఆ గుడిని కాల్పింపగా, ఆ యల్పప్రాణి తన ప్రాణమునైనను లెక్కింపక ఆ జ్వాలనే మ్రింగబోయినది. అంతట స్వామి ప్రత్యక్షమై దానికి ముక్తి ననుగ్రహించెను.

ముండకోపనిషత్తును చదివినవారికి ఇచ్చట మరియొక సాలెపురుగు జ్ఞప్తికి రాకమానదు. అది దారమును వెలువరించి మరల తనలోనికి తీసికొనునట్లు అక్షరపరబ్రహ్మమునుండి విశ్వము సంభవించునని ఆ ఉపనిషత్తు బోధించినది. అచ్చట సాలెపురుగు స్రష్టకు ఉపమానము. ఇచ్చట అదే సాలెపురుగు భక్తునికి స్వరూపము. ఒకే ప్రాణి రెండు స్థానములందును ఒప్పియున్నదన్నచో, చేయుపని ఒక్కటే యగుట కారణము: లోపలిదానికి వెలుపల రూపము కల్పించుట. భేదమెల్ల అది ఎవరికొరకు అన్నచోటనే యున్నది. పరమాత్మకు సృష్టి లీల; ప్రాణికి సృష్టి పూజ. శ్రీకాళహస్తి క్షేత్రముననే శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన రాజగోపురము 2010 మే 26వ తేదీన కుప్పకూలగా, అదే తావున మరల గోపురము లేచినది. కాలిపోయినను, కూలిపోయినను మరల కట్టుటకు పూనుకొనుట పూజ యెరిగిన చేతికి స్వభావము.

ఆ ఊరి వ్రాతపనిని, నేడు కలంకారీ యని దేశదేశములందు ప్రఖ్యాతమైన దానిని, కొంచెము దగ్గరగా చూచినచో నా మాట మరింత విశదమగును. గంజి పోవునట్లు ఉతికిన నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరవేయుదురు. కరక్కాయ వగరు రంగును నిలుపును. పాలలోని వెన్న రంగు పోగుల వెంట ప్రాకిపోకుండ అడ్డగించును. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో రూపములు గీసికొందురు. కలమనగా మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కొంత యెగువన ఉన్ని గాని, గుడ్డపేలిక గాని చుట్టి దారముతో బిగించియుందురు. రంగులో తడిసిన ఆ చుట్టును వ్రేళ్లతో మెల్లగా నొక్కుచు, గీతకు ఎంత కావలెనో అంతయే క్రిందికి దింపుట పనివాని నేర్పు. నల్లని గీతకు వాడు కసిమి యనునది తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వారములతరబడి పులియబెట్టి తీసినది. కుండలో నున్నంతసేపు దానికి ఆ నలుపు లేదు. కరక్కాయ పట్టిన బట్టను తాకినపుడే ఇనుము వగరుతో కలిసి నల్లబడును.

ఎరుపు సంగతి ఇంకను విచిత్రము. ఎర్రగా రావలసిన తావులనెల్ల పనివాడు పటికనీటితో నింపును. పటికనీటికి తనదైన వర్ణము లేదు. సీత చీరయో, సింహాసనముపై పరచిన వస్త్రమో, ఏదైనను అప్పటికి కంటికి కనబడదు. పిదప బట్టను పారు నీటిలో జాడించి, చిరువేరు, మంజిష్ఠ మొదలైనవి వేసి మరగించిన నీటిలో ఉడికింతురు. పటిక తాకినచోట ఎరుపు గట్టిగా పట్టుకొనును; తాకనిచోట ఉతుకులో వదలిపోవును. కంటికి కనబడని వర్ణమును నమ్మి గంటలకొలది వంగి కూర్చుండి, గీత దాటకుండ నింపుకొనిపోవు ఆ మనుష్యుని ఏకాగ్రతను చూచినపుడు, ధ్యానమనగా ఏమో వేరుగా చెప్పించుకొన నవసరము లేదు. వేరులో ఎరుపును పెట్టినవాడు అతడు కాడు. పటికకు ఆ యెరుపును పట్టు గుణమును ఇచ్చినవాడును అతడు కాడు. తాతతండ్రులు కనిపెట్టిన ఆ నియమములకు లోబడి, వానిలోనుండి రామపట్టాభిషేకమును వెలికి తీసి, ఘట్టముల క్రింద తెలుగు అక్షరములలో కథను వ్రాసి దేవాలయమున వ్రేలాడదీయుటకు ఇచ్చినవాడు మాత్రము అతడే.

కాబట్టి నియతి లేకపోవుటయే సృష్టికి వన్నె యన్న మమ్మటుని మాటను నేను పూర్తిగా అంగీకరింపలేను. మన పద్యకవుల స్వేచ్ఛ మాత్రము యతిప్రాసలను త్రోసివేసి వచ్చినదా? గణమునకు లోబడినవానికే గణము లోబడినది. పోతనామాత్యుడు భాగవతమును తెనిగింపబూని, తన నోట పలికించువాడు శ్రీరాముడని మొదటనే చేతులు జోడించెను. తాను కర్తను కానన్న ఆ మహానుభావుడు పని మానుకొని కూర్చుండలేదు. గజేంద్రుని మొర ఎన్ని తరములు విన్నను పాతపడనంత శ్రద్ధతో పద్యము చెక్కినాడు. కర్తృత్వమును వదలుకొనుట శ్రమను వదలుకొనుట కాదు. శ్రమ యంతయు తనది, ఫలమంతయు స్వామిది యనుకొన్నపుడు చేతిలోని వణకు పోవును. మెప్పు రాదేమో యన్న భయము పోవును, పని మిగులును.

దేవుడున్నాడన్న మాటనే ఒప్పుకొననివారు ఈ విచారమంతయు నిరాధారమనవచ్చును. మెదడును, అభ్యాసమును, సంప్రదాయమును ఉండగా దైవమును తీసికొనివచ్చుట యెందులకని వారి ప్రశ్న. అభ్యాసమును, సంప్రదాయమును నేను త్రోసిపుచ్చుట లేదు. అవి లేక పటికనీటి రహస్యము మన వరకు వచ్చియుండదు. కాని నిజమైన పనివారలను ఎవరిని అడిగినను, పని చక్కగా సాగిన వేళ తానున్నానన్న తలపే తనకు లేకపోయెనని చెప్పుదురు. తన్ను మరచిన ఆ వేళలోనే పని ఉత్తమమగుటకు కారణమేమో మెదడు అను మాటతో తేలిపోదు. ఆ యనుభవమునకు పెద్దలు పెట్టిన పేరు దైవము. వేరొక పేరు పెట్టుకొన్నను నాకు కలహము లేదు, అనుభవమును కాదనరాదు.

ఇక పాఠకులకొక విన్నపము. ఈ వ్రాతపని గత శతాబ్దపు తొలిభాగమున క్షీణించి, 1950ల దశాబ్దిలో కమలాదేవీ చట్టోపాధ్యాయ వంటివారి పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ నెలకొని మరల ప్రాణము పోసికొన్నది. నేడు అదే పేరుతో యంత్రముపై అచ్చువేసిన బట్టలు అంగళ్లలో గుట్టలుగా పడియున్నవి. అచ్చుబట్ట కట్టుకొనుట పాపము కాదు; దానిని వ్రాతపని యని అమ్ముటయు, తెలిసి తెలిసి కొనుటయు అన్యాయము. కొనునపుడు ఇది చేతితో వ్రాసినదా యని అడుగుడు; వ్రాసినదైనచో బేరము తగ్గింపక తగిన వెల యిండు. మీ బిడ్డలకు సంగీతమో, చిత్రమో, కుట్టుపనియో, మట్టిపనియో ఒకటి చేతికి పట్టుబడువరకు నేర్పింపుడు; బహుమానము వచ్చినదా యని అడుగుటకు ముందు, ఎవరికొరకు చేసితివని అడుగుడు. తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి చెరువున విడిచివచ్చు తెలంగాణపు ఆడబిడ్డకు ఆ ప్రశ్నకు సమాధానము ఎవరును నేర్పనక్కరలేదు. చదువుకొన్నవారమైన మనమే మరల నేర్చుకొనవలసియున్నది.