హీరో మూత తీస్తాడు... మీరు తీయకండి!

మన సినిమాల్లో హీరోయిన్ కారు ఎక్కడ ఆగుతుందో మీకు తెలియనిదేముంది! సరిగ్గా హీరోగారు నడిచొచ్చే దారిలోనే. బానెట్ సందుల్లోంచి గుప్పున ఆవిరి. హీరోగారు చొక్కా చేతులు మడిచి, రేడియేటర్ మూత చటుక్కున తిప్పి, బిందెడు నీళ్లు గుమ్మరిస్తారు. కారు కదుల్తుంది, దాంతో కథా కదుల్తుంది. హాల్లో ఈలలు!

ఈలల సంగతి అలా ఉంచండి. ఆ మూత సంగతి మాత్రం ఈ వారం చెప్పుకోక తప్పదు. తెరమీది ఆవిరి చాలాసార్లు పొగ యంత్రం మహిమ. మీ కార్లోంచి వచ్చేది నిజం ఆవిరి సుమండీ!

మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లు అంతకన్నా వేడెక్కినా మరగకూడదని, మూతలో స్ప్రింగు పెట్టి లోపల ఒత్తిడి నిలబెడతారు. ఇప్పటి కార్లలో అది చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్లు. ఆ ఒత్తిడిలో నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మీరు మూత తిప్పారా, ఒత్తిడి ఠక్కున పోతుంది. అంతవరకు బుద్ధిగా ఉన్న నీళ్లు సలసలా పొంగి మొహం మీదికి చిమ్ముతాయి. ఆవిరి పోకుండా ప్రెషర్ కుక్కరు మూత ఊడబెరికినట్టే!

ఆమధ్య ఓ షూటింగ్ యూనిట్ వెంట విశాఖపట్నం నుంచి అరకు వెళ్తున్నాను. అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా ముందు కారు ఆవిరి కక్కుతూ ఆగింది. కుర్ర అసిస్టెంటు డైరెక్టరు ఒకడు దూకి, బానెట్ ఎత్తి, చేతిరుమాలు చుట్టి మూత మీద చెయ్యేశాడు. "ఒరే అబ్బాయ్, చెయ్యి తియ్!" మా డ్రైవరు పెట్టిన కేకకి కొండలు మారుమోగాయి. "నీళ్లు పొయ్యొద్దేటి బాబాయ్?" అన్నాడు వాడు బిక్కమొహం వేసి. "పోద్దువుగానిలే, అరగంట ఆగు. షాటుకైతే రీటేకు ఉంటాది. మొహానికి ఉండదు" అన్నాడాయన.

నన్నడిగితే ఆ ఏడాది విన్న డైలాగుల్లో అదే సూపర్!

సరే, ఇంజన్ చల్లారింది, నీళ్లు పోశారు. అంతటితో జబ్బు నయమైనట్టు కాదు. నీళ్లు ఎందుకు తగ్గాయి? కారు ఎందుకు కాగింది? అది చూడాలి. వేడి ముల్లు ఎప్పుడు పైకి లేచిందో గుర్తుంచుకుంటే సగం పరీక్ష అయిపోయినట్టే.

ట్రాఫిక్‌లో నిలబడితే లేచి, రోడ్డెక్కి గాలి తగలగానే దిగిందా? అనుమానం ఫ్యాను మీద. దాని ఫ్యూజు, రిలే, మోటారు చూడమనండి. పాత బండైతే ఫ్యాన్ బెల్టు. అదే వేగంగా పోతున్నప్పుడో ఘాట్ ఎక్కుతున్నప్పుడో లేస్తే రేడియేటర్ పూడుకుపోయిందో, వాటర్ పంపు నీరసించిందో! ఇంజన్ కాగిపోతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. ఎక్కడా కారకుండా నీళ్లు మాయమవుతున్నాయా? సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా? ఇంజనాయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందా? అయితే హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. ఇక ఆ కారు నడపొద్దు.

అన్నట్టు, కాగిన కార్లో ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంబరపడకండి. సెన్సారుకి తగలడానికి నీళ్లే మిగల్లేదేమో!

ముల్లు లేస్తుండగా ఆపడానికి చోటు దొరక్కపోతే ఏసీ కట్టేసి, హీటరు పూర్తిగా తిప్పండి. అదో చిన్న రేడియేటర్ లాంటిది, ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. మీకు చెమటలు పోసినా ఇంజన్ బతుకుతుంది. చోటు దొరగ్గానే ఆపేయండి. కాగిన ఇంజన్లో చన్నీళ్లు గుమ్మరించకండి, లోహం పగిలే ప్రమాదముంది.

ఇక వేడెక్కకుండానే ఆగిపోయే కార్ల కథ వేరు. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆగుతుంటే, ఇప్పటి కార్లలో థ్రాటిల్ బాడీకి మసి పట్టిందేమో చూడాలి. బాగా నడిచి, టక్కున ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయితే క్రాంక్ సెన్సార్‌ని అనుమానించాలి. అబద్ధాలాడే సెన్సారు ఇంకోటుంది. నీళ్లు కాగుతున్నా "చల్లగానే ఉన్నాయి" అని కంప్యూటర్‌కి కబురు పంపుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నల్లపొగ, ఆ తర్వాత ఇంజన్ ఆఫ్! చూశారా, కూలింగ్ జబ్బుకీ ఆగిపోయే జబ్బుకీ చుట్టరికం!

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌లాంటి కార్బురేటర్ బండ్లకి వేసవి జబ్బు వేరే ఉంది. వేడికి పెట్రోలు దార్లోనే ఆవిరై, కార్బురేటర్‌కి అందదు. డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పేది అందుకే.

మరి వానలో ఆగే కార్లో? 1958 నాటి హిందీ సినిమా 'చల్తీ కా నామ్ గాడీ'లో వానరాత్రి కారు మొరాయించబట్టే కదా, మధుబాల తడుస్తూ కిశోర్ కుమార్ గ్యారేజీకొచ్చింది! అది కవి కల్పనే అయినా ఆ కాలం కార్లకి ఆ జబ్బు నిజంగానే ఉండేది. డిస్ట్రిబ్యూటర్ క్యాపులోకి చెమ్మ చేరితే స్పార్కు దారి తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోయేది. కాకపోతే అలా తుడిచేస్తే కథ ముందుకు సాగదు!

కుర్రకారుకి చివరిగా ఒక్క మాట. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా మీది రెండు గీతల మధ్య నీళ్లున్నాయో లేదో చూడండి. ఒక్క నిమిషం పని. దారిలో ఆవిరి లేస్తే మాత్రం ఇంజన్ ఆపి, దూరంగా చెట్టునీడన కూర్చోండి. ఎదురుగా హీరోయిన్ నిలబడి చూస్తున్నా సరే, ఆ మూత జోలికి పోకండి.

వచ్చేవారం కలుద్దాం!