నైలాను తీగలకి మైకెందుకు?

వేసవిలో అల్ ఖోబర్‌లో మైకు పెట్టి గిటారు రికార్డు చెయ్యాలంటే రెండే దారులు. ఏసీ కట్టేసి చెమటలు కక్కుతూ వాయించడం, లేదా ఏసీ వేసుకుని పాటతో పాటు దాని గురకని కూడా రికార్డు చెయ్యడం. జులైలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే, సముద్రం పక్కనే కాబట్టి ఉక్క అదనం. ఓసారి ఏసీ కట్టేసి చూశాను. మూడో టేకుకి వేళ్ళు జారిపోయాయి. నాలుగో టేకు మధ్యలో పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు.

మూడో దారి, మైకు లేకుండా కేబుల్‌తో నేరుగా కంప్యూటర్లోకి. ఉక్కు తీగల ఎలక్ట్రిక్ గిటారుకి ఇది చిన్న పని, అయస్కాంతపు పికప్ ఆ సంగతి చూసుకుంటుంది. నైలానుకి అయస్కాంతంతో చుట్టరికం లేదు. లావు తీగల మీద లోహపు చుట్టు ఉన్నా అది వెండి పూత వేసిన రాగి. అందుకని తీగలు ఆనే సాడిల్ కింద పియెజో ముక్క పెడతారు. ఒత్తిడి పడితే అది వోల్టేజి పుట్టిస్తుంది. గిబ్సన్ వాళ్ళు 1980లలో తెచ్చిన చెట్ అట్కిన్స్ మోడల్ నుంచి ఇప్పటి గోదాన్ మల్టియాక్, యమహా సైలెంట్ గిటారు దాకా అన్నిటిలోనూ పియెజోనే.

"అయితే ఇంట్లో ఉన్న గిటారుకే ఓ పికప్ అంటించుకోవచ్చుగా" అంటారు మిత్రులు. నేనూ అదే చేశాను. ప్రీయాంప్ లేని పికప్ ఒకటి కొని ఆడియో ఇంటర్‌ఫేసు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చాను. వినబడింది గిటారు కాదు, డాల్డా డబ్బా! లెక్క వేస్తే గానీ కారణం తెలియలేదు. పియెజో అంటే ఓ చిన్న కెపాసిటరు. ఒక నానోఫారడ్ అనుకుందాం. 10 కిలో ఓముల లైన్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే సుమారు 16,000 హెర్ట్జ్‌కి దిగువనున్నదంతా పలచబడుతుంది, అంటే దాదాపు పాటంతా. గిటారు కోసమే ఉండే ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్‌లో ఆ హద్దు 160కి దిగుతుంది. లావు తీగ 82 హెర్ట్జ్ కాబట్టి అదీ చాలదు. గిటారులోనే బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉంటే ఈ గొడవ ఉండదు. కొట్టువాడు చెక్క గొప్పతనం అరగంట చెప్పాడు గానీ ఈ ముక్క చెప్పలేదు.

నేరుగా రికార్డు చేసుకునేవాడు చెక్కకి పోసే డబ్బు దండగన్నది నా అభిప్రాయం. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న నా గిటారుకి, బయటి ఉక్కకీ లోపలి ఏసీ పొడికీ మధ్య నలిగి, పై పలక చీలింది. యమహా దానికి పొట్టే లేదు, చుట్టూ ఓ ఫ్రేము, అంతే. పక్కగదిలో పాప నిద్ర చెడదు కూడా.

నేను చూసేది ప్రీయాంప్, తర్వాత నెక్ వెడల్పు. క్లాసికల్ గిటారుకి నట్ దగ్గర 52 మిల్లీమీటర్లు, మామూలు ఎలక్ట్రిక్ గిటారుకి 43 ఉంటుంది. ఇళయరాజా పాటలు వేళ్ళతో మీటాలనుకునేవాడికి ఆ 9 మిల్లీమీటర్లే ప్రాణం. (ఆయన స్వయంగా ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటారు పరీక్ష పాసయ్యారు మరి.) గోదాన్‌లో సన్నవీ ఉన్నాయి, వెడల్పువీ ఉన్నాయి, చూసి కొనాలి.

యమహా 200ఎన్‌లో పియెజో ధ్వనికి మైకు పెట్టినట్టుండే ధ్వనిని కలిపే మీట ఉంది. వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ బయటికి వచ్చే దారి ఒక్కటే. కూరలో ఉప్పు కలిపాక విడదీయలేం. అందుకే మీటని పూర్తిగా పియెజో వైపు తిప్పేసి రికార్డు చేస్తాను. చెక్క గిటారు పొట్ట ధ్వనిని తర్వాత కంప్యూటర్లో కన్వల్యూషన్‌తో కలుపుకుంటాను. నచ్చకపోతే ఇంకో పొట్ట! అసలు డేటా చెడగొట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. గట్టిగా మీటినప్పుడు పియెజోకి ఉండే కీచుదనం మాత్రం ఎంత చేసినా కొంత మిగులుతుంది. నిదానంగా మోగే పాటకి మంచి గదిలో మంచి మైకే మేలు, ఆ గది నాకు లేదు.

అన్నట్టు, హైదరాబాదులో దాచుకున్న హమ్ ఫిల్టర్ సెట్టింగు ఇక్కడ పనిచెయ్యదు. మన కరెంటు 50 హెర్ట్జ్, సౌదీది 60. నేనైతే ఫిల్టర్ మానేసి, లాప్‌టాప్ చార్జరు పీకేసి వాయిస్తున్నాను.