పదిమంది గొంతులు, ఒక్క సుర్

కవ్వాలీ పోస్టర్ల మీద పెద్ద కవ్వాల్ పేరు పక్కన "హమ్‌నవా" అని రాస్తారు. ఆ లఫ్జ్‌కి మానీ, కలిసి ఒకే స్వరం పలికేవాళ్లు అని. మన మౌసీఖీ మిజాజ్ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. పదిమంది కూర్చుని పాడినా, చప్పట్లు కొట్టినా, ఢోలక్ మోగినా సుర్ నడిచే బాట ఒకటే.

యూరప్ రాస్తా వేరు. 12వ సదీ ఆఖర్లో పారిస్ నోత్రదామ్ చర్చి కోసం పెరొతాఁ నాలుగు గొంతులకు నాలుగు వరసలు కట్టాడు. 1722 నాటి బాఖ్ కీబోర్డు కితాబులోని ఫ్యూగ్‌లు వినండి. వాయించేది ఒక్క మనిషే. మూడు నాలుగు ఆవాజ్‌లు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటాయి. అంటే తేడా మనుషుల లెక్కలో లేదు, వరసల లెక్కలో ఉంది.

కీబోర్డు క్లాసుకెళ్లే మన పిల్లలు కొందరు "మనది ఒకే లైను, వాళ్లదే అడ్వాన్స్‌డ్" అంటున్నారు. పెద్దలు కొందరు "వాళ్లది ఒట్టి గోల" అని కొట్టేస్తున్నారు. రెండూ నాకు కుబూల్ కాదు.

హార్మోనియం సంగతే చూడండి. ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడ కాళ్లతో గాలి కొడుతూ రెండు చేతులా వాయించేవారు. 19వ సదీలో కలకత్తాలో చేతి హార్మోనియం తయారయ్యాక ఒక చెయ్యి గాలికి పోయింది, పాటకు ఒక్క చెయ్యే మిగిలింది. మనకది కమీ అనిపించలేదు. మనకు ఖటికింది వేరే సంగతి: మెట్టుకీ మెట్టుకీ మధ్య జారే మీండ్ దాని మీద పలకదు. అలాంటి ఎతరాజ్‌లతోనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను బంద్ చేసింది. 1971లో గానీ సడలించలేదు. ఒక్క వరస మౌసీఖీలో ఆ జారుడుకు అంత కీమత్.

ఇప్పుడు పాత కలామ్‌ల కింద కార్డ్స్, అంటే ఒకేసారి మోగే సుర్ల గుత్తులు, పరిచి యూట్యూబులో పెడుతున్నారు. నా షికాయత్ కార్డ్స్ మీద కాదు, ముందే కొలిచిపెట్టిన ట్రాక్ మీద. కవ్వాల్ ఒక మిస్రాను మహఫిల్ దిల్‌లోకి దిగేదాకా తిప్పి తిప్పి చెబుతాడు. మధ్యలో మరో షేర్ తెచ్చి గిరహ్ కడతాడు. ట్రాక్ అతని కోసం ఆగదు. ఆగకపోతే తక్రార్ లేదు, గిరహ్‌కు జాగా లేదు.

పిల్లలకు బాఖ్ నేర్పించండి. గొంతులు ఒకదాన్నొకటి తొక్కకుండా గుఫ్తగూ ఎలా చేస్తాయో తెలుస్తుంది. మన హైదరాబాద్ వార్సీల కవ్వాలీ కూడా పూర్తిగా వినిపించండి, ముక్కలు కోయకుండా. ఒక్క మాట మీద ఎంతసేపు నిలబడొచ్చో అదీ తెలియాలి కదా.