పేరు ఎవరి చేతిలో ఉండాలి?



యూనియన్ ఆఫీసుకు వచ్చే ఫిర్యాదులు మారుతున్నాయి. ఒకప్పుడు ఓవర్‌టైం ఇవ్వలేదని, చార్జిషీటు ఇచ్చారని, బదిలీ కార్మికులను పర్మనెంటు చేయలేదని వచ్చేవారు. ఆ బాధలు ఇప్పటికీ ఉన్నాయి. వాటితోపాటు ఇంకో రకం బాధ మొదలైంది. "అన్నా, పి.ఎఫ్. ఆఫీసు సైటే అనుకుని నంబరు కొట్టాను, ఓటీపీ చెప్పాను, ఖాతా ఖాళీ అయింది" అని ఒకరు వస్తారు. "సిప్‌కాట్‌లో మా తమ్ముడికి ఉద్యోగమని ఫీజు కట్టించుకున్నారు, ఇప్పుడు ఆ సైటే కనబడడం లేదు" అని ఇంకొకరు వస్తారు. హోసూరు, బాగలూరు, డెంకణికోట, కృష్ణగిరి, ఇటు కుప్పం వైపు నుండి పనికి వచ్చే మనవాళ్ళు నెలంతా రింగ్ ఫ్రేముల దగ్గర నిలబడి సంపాదించిన డబ్బు ఇలా పోతోంది. ఆ సైటు ఎవరిదని అడిగితే జవాబు చెప్పే మనిషి లేడు.

అందుకే వెబ్‌సైటు పెట్టే ప్రతివాడూ అసలు పేరుతో, అసలు గుర్తింపు కార్డుతో రిజిస్టరు చేయించుకోవాలనే మాట గట్టిగా వినబడుతోంది. వినగానే న్యాయంగానే తోస్తుంది. దొంగను పట్టుకోవడానికి పేరు కావాలి కదా! అయితే కార్మికులు ఏ చట్టాన్నయినా ఒప్పుకునే ముందు ఇంకో ప్రశ్న వేయాలి. ఆ పేరు ఎవరి చేతిలో ఉంటుంది? అది ఎవరికి చేరుతుంది?

ముందు సంగతేమిటో తెలుసుకుందాం. ప్రతి వెబ్‌సైటుకూ ఒక చిరునామా ఉంటుంది. దాన్నే డొమైన్ అంటారు. దాన్ని శాశ్వతంగా కొనరు. ఏడాదికింత అని కట్టి తమ పేర రాయించుకుంటారు. అలా రాసే కంపెనీలను రిజిస్ట్రార్లు అంటారు. 'డాట్ కామ్' వంటి వాటికి నియమాలు పెట్టేది 1998లో అమెరికాలో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. మన దేశపు 'డాట్ ఇన్' పేర్లను నిక్సీ అనే సంస్థ నడుపుతోంది. సరైన పేరు, చిరునామా ఇవ్వాలనే నియమం ఇప్పటికే ఉంది. కానీ ఐకాన్ నియమం ప్రకారం ఈమెయిలో, ఫోను నంబరో పనిచేస్తుందని తేలితే చాలు. ఆ పేరుగల మనిషి ఉన్నాడా లేడా అని గడప తొక్కి చూసేవారు లేరు. ఒకప్పుడు ఈ వివరాలను ఎవరైనా చూడగలిగేవారు. 2018 మే నెలలో ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చాక అవి చాలామటుకు మూతపడ్డాయి.

ముద్దాయి ఎవరో తెలియని సివిల్ దావాల్లో మన కోర్టులు 'అశోక్ కుమార్' అనే పేరు రాసుకుంటాయి. పెద్ద కంపెనీల పేర్లు వాడుకుని జనాన్ని మోసం చేసిన సైట్ల మీద ఢిల్లీ హైకోర్టులో ఈ అశోక్ కుమార్ పేరుతో దావాలు పడ్డాయి. కంపెనీలకు లాయర్లున్నారు, ఢిల్లీ దాకా వెళ్తారు. పదివేలు పోగొట్టుకున్న స్పిన్నింగు కార్మికురాలు ఏ అశోక్ కుమార్ మీద దావా వేయగలదు? కాబట్టి పేరు కావాలన్న కోరికలో న్యాయం ఉంది. దాన్ని మేము కొట్టిపారేయడం లేదు.

ఇక రెండో వైపు చూద్దాం. అచ్చయిన ప్రతి పుస్తకం మీద, పత్రిక మీద ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు ఉండాలని తెల్లవాళ్ళు 1867లోనే చట్టం చేశారు. 2023లో దాని స్థానంలో పత్రికలకు కొత్త చట్టం వచ్చేవరకు అదే నడిచింది. ఆ పేర్లు ఏమేం పనులకు పనికొచ్చాయో చరిత్రలో ఉంది. 1908లో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికులు సమ్మె చేసి జీతాల పెంపు, ఆదివారం సెలవు సాధించారు. వారికి అండగా నిలిచిన వి.ఓ. చిదంబరం పిళ్ళై, సుబ్రమణ్య శివలను మార్చిలో అరెస్టు చేశారు. తిరునెల్వేలిలో జనం తిరగబడితే కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. ఆ దురంతాన్ని బెజవాడ నుండి వచ్చే 'స్వరాజ్య' అనే తెలుగు పత్రిక ఖండించింది. దాని సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. అరవ దేశంలోని మిల్లు కార్మికుల కోసం రాసిన తెలుగు రాతకు దక్కిన బహుమానం అది. ఆ చట్టం ఎందుకని చేసినా, సర్కారుకు మాత్రం నిజం రాసినవాడి ఇంటికి దారి చూపించింది.

అది తెల్లవాళ్ళ కాలం, ఇప్పుడు మన ప్రభుత్వం ఉందని కొందరంటారు. సరే, మన అనుభవమే చూద్దాం. యూనియన్ రిజిస్టరు కావాలంటే ఏడుగురు సభ్యులు పేరు, పని, చిరునామా రాసి సంతకాలు పెట్టాలని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం చెప్పింది. ఆ ఏడుగురి పేర్లు బయటపడితే గేటు బయట మొదట నిలబడేది ఎవరో ఈ ప్రాంతంలో యూనియన్ పెట్టిన ఏ పెద్దాయననయినా అడగండి.

ఇంకో సంగతి. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎఫ్.లో యాజమాన్యం వాటాను 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోరాదని నియమం తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగుళూరు గార్మెంటు కార్మికులు వేల సంఖ్యలో రోడ్డెక్కారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మనం రోజూ బస్సెక్కి వెళ్ళే హోసూరు రోడ్డు స్తంభించిపోయింది. రెండో రోజుకే కేంద్రం ఆ నియమాన్ని వెనక్కు తీసుకుంది. ఎవరు పిలిచారని అడిగితే చూపించడానికి అక్కడ ఒక నాయకుడి పేరు లేదు. ఒక పేరు ఉండి ఉంటే మొదటి రోజు రాత్రికే ఆ ఒక్కరిని పట్టుకెళ్ళి ఉండేవారు. మాట ఎవరిదో తెలియకపోవడం బలహీనులకు ఒక్కోసారి గొడుగు అవుతుంది. మిల్లు హాస్టళ్ళలో ఆడపిల్లలు పడే కష్టాలు బయటికి వచ్చినప్పుడల్లా కూడా వాళ్ళ పేర్లు మార్చి రాస్తేనే వచ్చాయి.

"తప్పు చేయనివాడు పేరు దాచడం ఎందుకు?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. ఎన్నికల్లో మన ఓటు రహస్యంగా ఎందుకు వేయిస్తున్నారో వారు ముందు చెప్పాలి. ఓటు వేయడం తప్పు పని కాదు కదా! యజమానికీ, పనివాడికీ బలం సమానంగా లేనిచోట పేరు చెప్పడానికి ఇద్దరూ చెల్లించే ధర ఒకటి కాదు. యజమాని పేరు బోర్డుకెక్కితే అమ్మకం పెరుగుతుంది. కార్మికుడి పేరు టైమాఫీసుకెక్కితే పని పోతుంది.

పోనీ, పేరు రాయించుకుంటే మోసం ఆగుతుందా? సిమ్ కార్డుకు గుర్తింపు కాగితాలు తప్పనిసరి చేశారు కదా, మోసపు ఫోన్లు ఆగాయా? దొంగ తన కార్డు ఇవ్వడు. అయిదొందలో వెయ్యో చేతిలో పెట్టి కూలివాడి ఆధార్ తీసుకుంటాడు. వెబ్‌సైటుకూ అదే జరుగుతుంది. రేపు పోలీసులు వచ్చి తలుపు కొట్టేది ఆ కూలివాడి ఇంటినే. అబద్ధం చెప్పేవాళ్ళు కూడా పేరుకు భయపడరు. 2023 మార్చిలో తమిళనాడులో ఉత్తరాది కార్మికులను కొట్టి చంపుతున్నారని దొంగ వీడియోలు పుట్టించారు. తిరుప్పూరు, కోయంబత్తూరు నుండి ఎంతోమంది భయంతో రైళ్ళెక్కారు. వాటిని పంచినవారిలో కొందరు సొంత పేరుతో, సొంత ముఖంతోనే ఆ పని చేశారు.

దక్షిణ కొరియా ఈ దారిలో ముందే నడిచింది. పెద్ద సైట్లలో అభిప్రాయం రాయాలంటే అసలు గుర్తింపు ఇవ్వాలని 2007లో నియమం పెట్టింది. 2011లో అక్కడి ఒక పెద్ద కంపెనీ నుండి దాదాపు మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012 ఆగస్టులో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టివేసింది. దొంగల నుండి కాపాడతామని పేర్లన్నీ ఒక్కచోట పోగేస్తే దొంగలకు ఒకే గోదాము చూపించినట్టయింది.

మరి మన మాట ఏమిటి? దీనికి దారి కార్మిక చట్టాల్లోనే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో చేసిన 81వ ఒడంబడిక ఫ్యాక్టరీ తనిఖీల గురించినది. భారతదేశం దాన్ని 1949లో ఆమోదించింది. ఫిర్యాదు చేసినవారు ఎవరో ఇన్‌స్పెక్టరు పూర్తిగా రహస్యంగా ఉంచాలని అందులో ఉంది. తాను వచ్చింది ఫిర్యాదు మీదనే అని కూడా యాజమాన్యానికి చెప్పకూడదని ఉంది. అంటే ఇన్‌స్పెక్టరుకు పేరు తెలుస్తుంది, యజమానికి తెలియదు. ఇన్‌స్పెక్టర్లు అందరూ దాన్ని పాటిస్తున్నారా అంటే అది వేరే పోరాటం. సూత్రం మాత్రం సరైనది.

ఈ సూత్రాన్నే వెబ్‌సైట్లకూ పెట్టాలి. వెబ్‌సైట్లు రెండు రకాలు. మన డబ్బు తీసుకునేవి, ఉద్యోగమిస్తామనేవి, అప్పులిచ్చేవి ఒక రకం. కేవలం మాట చెప్పేవి ఇంకో రకం. నూలు కోను మీద మిల్లు పేరు ఉంటుంది, ఉండాలి కూడా. ఎందుకంటే అది అమ్మే సరుకు. సరుకు అమ్మేవాడికీ, సమాచారం చెప్పేవాడికీ ఒకే కొలబద్ద పెట్టకూడదు.

అందువల్ల మేము కోరేది ఇది:

ఒకటి. డబ్బు తీసుకునే, పనిలో పెడతామనే ప్రతి సైటూ తనిఖీ చేసిన అసలు పేరు, చిరునామా అందరికీ కనబడేలా పెట్టాలి. ఆన్‌లైన్ వ్యాపారులు తమ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపాలని 2020 వినియోగదారుల రక్షణ నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి. అది కాగితం మీద మిగలకూడదు.

రెండు. మాట మాత్రమే చెప్పే సైట్ల యజమానుల పేర్లు రిజిస్ట్రారు దగ్గరే మూసిన కవరులో ఉండాలి. కోర్టు ఉత్తర్వుతో తప్ప అది తెరుచుకోరాదు. యాజమాన్యం లాయరు ఉత్తరం రాసినా, స్టేషను నుండి ఫోను వచ్చినా పేరు ఇవ్వరాదు.

మూడు. ప్రభుత్వ ఆఫీసును అనుకరించే దొంగ సైటు గురించి ఫిర్యాదు వస్తే రిజిస్ట్రారు వెంటనే ఆపాలి. ఆపకపోతే పోయిన సొమ్ముకు ఆ కంపెనీ కూడా బాధ్యత వహించాలి. ఏడాది కిరాయి తీసుకున్నవాడికి పూచీ లేకుండా ఎలా పోతుంది?

నాలుగు. పోగేసిన పేర్లు బయటికి పొక్కితే పోగేసినవారికి శిక్ష ఉండాలి, నష్టపోయినవారికి పరిహారం దక్కాలి.

ఇవి సాధించేదాకా మన జాగ్రత్త మనకుండాలి. ప్రభుత్వ సైట్ల చిరునామా సాధారణంగా 'గవ్ డాట్ ఇన్' అని ముగుస్తుంది. పి.ఎఫ్. సైటు 'ఈపీఎఫ్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్'. ఆ ముగింపు లేకుండా పి.ఎఫ్. డబ్బు ఇప్పిస్తామంటే నమ్మవద్దు. ఓటీపీ సొంత అన్నదమ్ములకు కూడా చెప్పవద్దు. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోక వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఎవరెన్ని డబ్బులిస్తామన్నా ఆధార్ కాపీ, బ్యాంకు పుస్తకం ఇవ్వకండి. చదువురాని పెద్దవాళ్ళకు, హాస్టలులో ఉండే పిల్లలకు ఈ సంగతులు చెప్పడం ప్రతి సభ్యుడి పని. వచ్చే గేటు మీటింగులో దీని మీద మాట్లాడుకుందాం.

దొంగ తన పేరు దాచుకునే వీలు ఉండరాదు. అన్యాయాన్ని చెప్పే కార్మికురాలి పేరు యజమాని చేతికి చిక్కరాదు. ఈ రెంటినీ కలిపి కాపాడే చట్టమైతేనే మనకు సమ్మతం.